పడవ నాణెం బేరం

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు బిగించే ఆమెను వీధిలో అందరూ భూతద్దమక్క అనేవారు. ఆ పేరు చేసే పని వల్ల వచ్చిందనుకుంటే పొరపాటే. అగ్గిపెట్టె కొనాలన్నా మూడు దుకాణాల గడప తొక్కి, గీసి గీసి బేరమాడే మనిషి ఆమె. "మా ఆవిడతో బజారుకెళ్ళే ముందు చెప్పులు కుట్టించుకోవాలి," అనేవాడు భర్త.

ఆమెకున్న పిచ్చల్లా పాత నాణేలు. అందులోనూ పడవ బొమ్మ ఉన్నవే కావాలి. చూడబోతే నీళ్ళంటే భయం, ఏనాడూ పడవెక్కిన పాపాన పోలేదు.

ఒకనాడు ఆ దుకాణం కింది అంతస్తులో గడియారాలు బాగుచేసే ముసలాయన ఆమెను మెట్ల దగ్గర ఆపాడు.

"అమ్మాయ్, సొరుగు సర్దుతుంటే ఇది దొరికింది. పడవే. కాకపోతే ముద్ర పక్కకు జరిగి తెరచాప సగమే పడింది. వంకర సరుకు కాబట్టి నీకు తగ్గించి ఇస్తాలే."

ఆయన చెప్పిన ధర రెండు కప్పుల కాఫీకి మించదు. అయినా అలవాటు ఊరుకోదు కదా. "కనుక్కుని చెప్తాను బాబాయ్ గారూ," అని రెండు వైపులా ఫొటో తీసుకుంది.

అమ్మేవాడు అడిగే ధరను ఆమె లెక్కలోకే తీసుకోదు. అడగడానికేం, నోరు తన సొంతం. వేలంలో అలాంటి నాణెం నిజంగా ఎంతకు పోయిందన్నదే అసలు మాట. ఫోనులో పాత వేలాలు వెతికింది. వంకరవైతే ఇంకా చవగ్గా పోయి ఉంటాయి, ఆ ముక్క చూపించి మరికాస్త తగ్గిద్దామని ఆశ. తీగ లాగితే డొంకంతా కదిలింది. టంకశాలలో పొరపాటున ముద్ర జరిగిన నాణేలు అరుదట, వాటికోసం జనం ఎగబడతారట. అచ్చం అలాంటిదే ఒకటి ఆమె మూడు నెలల జీతానికి పోయింది.

నమ్మకం కుదరక ఇద్దరు నాణేల వ్యాపారులకు ఫొటో చూపించింది. "తోమలేదు కదా?" అని ఆత్రంగా అడిగాడు మొదటివాడు. "తోమితే మెరుపొస్తుంది, ధర పోతుంది." ఇద్దరూ ఇంచుమించు అదే ధర చెప్పారు.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది ఆమెకు.

"ఆయన అడిగింది ఇచ్చి తెచ్చుకో. దొంగతనమేం కాదుగా," అన్నాడు భర్త.

"కాదు. కానీ రోజూ ఆయన ముందు నుంచే మెట్లెక్కాలండీ."

"మరి ఊరంతా తిరిగి కనుక్కోమని ఎవరన్నారు నిన్ను?"

మర్నాడు పనికి వెళ్తూ ముసలాయన బల్ల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "అంతకు తక్కువైతే ఎవరికీ ఇవ్వకండి బాబాయ్ గారూ. నాకెలాగూ అంత స్తోమత లేదు," అంది. చెప్పాక గుండె తేలికపడింది కానీ, ప్రాణం కాస్త ఉసూరుమంది కూడా.

ముసలాయన కంటికి అద్దం తగిలించుకుని నాణేన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇంత గొప్పదని తెలిశాక అమ్ముకుంటానా? భలేదానివే," అన్నాడు.

సాయంత్రానికల్లా ఆ నాణెం ఒక పాత చేతిగడియారం ఖాళీ డిప్పలో, గాజు కింద, దుకాణం గోడకెక్కింది. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరికీ ఆయన దాని వైభవం వర్ణించేవాడు. టైము తెలుసుకోవడానికి ఆగినవాడికి కూడా తప్పేది కాదు. "మా పై అంతస్తు అమ్మాయే కనిపెట్టింది," అని మాత్రం మరవకుండా చెప్పేవాడు. ఆమె ఎప్పుడు అడిగినా కిందికి దింపి, అరచేతిలో పెట్టేవాడు.

ఆ నెల జీతం రాగానే ఆమె రెండో వ్యాపారి దగ్గర మామూలు పడవ నాణెం ఒకటి కొన్నది. సరైన ధరేదో ముందే తెలుసు, అయినా వదలకుండా అరగంట బేరమాడింది. చివరికి అతను దండం పెట్టి, ఆమె చెప్పిన ధరకే ఇచ్చేసి, కాఫీ కూడా తెప్పించాడు.