తిట్లకు కోలుకున్న బుజ్జి

బరంపురం లంజిపల్లిలో మా పాప పెంచుకుంటున్న రెండు గినీ పిగ్గుల్లో ఒకటి చచ్చిపోయింది. జత పోయిన దిగులుతో రెండోది, బుజ్జి, గడ్డి ముట్టకుండా మూల నక్కింది. దాన్ని ఒంటరిగా వదలకుండా మాట్లాడుతూ ఉండమన్నాడు పశువుల డాక్టరు.

అప్పటికి మా అత్తగారికీ నాకూ మాటల్లేవు. అందుకని ఇద్దరం బోను ముందు చేరి, బుజ్జికి చెబుతున్నట్టు ఒకరినొకరు దెప్పుకునేవాళ్లం.

"సూసినావేటే బుజ్జీ, మీ అమ్మ మళ్లీ పప్పు మాడ్సీసింది" అందావిడ ఓరోజు.

ఇక ఆగలేకపోయాను. "అయితే మీరే వండండి! కూకుని వంకలెట్టడం నాకూ వచ్చు!" అని ఆవిడ ముఖం మీదే అరిచాను.

బుజ్జి కీచుమని లేచొచ్చి కొత్తిమీర కొరికింది. నేను నోరు మూశాను.

అత్తగారు నా చెయ్యి పట్టుకుంది. "ఆగిపోకే! ఇంకో రెండు తిట్టు, తింతంది!"

బుజ్జి కోలుకుంది. మాకు మళ్లీ మాటల్లేవు. ఆ ఇంట్లో నా నోటికి దొరికిన మెప్పు మాత్రం ఆ 'ఆగిపోకే' ఒక్కటే.