తిరుగు దారి రూలు

సరఫరా గురించి నాకెవరూ పాఠం చెప్పనక్కర్లేదని ఒకప్పుడు నా గట్టి నమ్మకం. తమిళనాడులోని గుడియాత్తం బజారులో మాది నూలు కొట్టు. మా కొట్టు నుంచి నూలు మగ్గాల ఇళ్ళకు పోతుంది, లుంగీలై తిరిగొస్తుంది. మా తాత చేసిందీ ఇదే, మా నాయన చేసిందీ ఇదే. పోయిన బండి ఖాళీగా తిరిగొస్తే మా నాయన ఆ పూట సరిగ్గా అన్నం తినేవాడు కాదు. అలాంటి ఇంట్లో పుట్టిన నేను ఒక అట్టపెట్టె ఆట ముందు బోర్లా పడ్డాను.

ఆ పెట్టె వేలూరులో పాత సామాన్ల అంగట్లో దొరికింది. నేను వెళ్ళింది టేబుల్ ఫ్యాను కోసం. ఎవరో విదేశీ డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇంటి సామాను అమ్మేశాడట, అందులో ఇదొకటి. మూత మీద గుర్రాలు, ఫిరంగులు, పొడుగు టోపీల సైనికులు. ఫ్యాను సంగతి మరచిపోయి పెట్టెను చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. మా ఆవిడ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "గాలి దీంట్లోనించి వస్తాదా?" అని అడిగింది.

లోపల యూరప్ మ్యాపు, దాని నిండా ఆరు మూలల గళ్ళు, దండుకొక్కటి చొప్పున చిన్న చిన్న అట్ట బిళ్ళలు, ఒక ఇంగ్లీషు పుస్తకం. నెపోలియన్ కాలపు యుద్ధాల ఆట అది. ఒకరు ఫ్రెంచి వైపు ఆడాలి, ఇంకొకరు వాళ్ళ మీదికి కలిసికట్టుగా లేచిన రాజులందరి వైపూ ఆడాలి. కొన్ని బిళ్ళలు పోయాయి. వీధివీధినా అగ్గిపెట్టెల కార్ఖానాలున్న మా ఊళ్ళో అట్టకు కరువా? కత్తిరించి ఆ లోటు పూడ్చాను.

ఆడడానికి తోడు మా మేస్త్రీ దొరికాడు. మేల్పాడి మనిషి. మా మిద్దె మీద గది కట్టడానికి వచ్చాడు. కొత్తగా పోసిన కప్పుకు నీళ్ళు పట్టే రోజుల్లో చేయడానికి పెద్ద పని ఉండదు కదా, అప్పుడు నేను మ్యాపు పరిచాను. ఆయన గోళ్ళలో సిమెంటు ఇంకా ఉంది. ఒక బిళ్ళను వెలుగులో తిప్పి చూసి, "వీళ్ళంతా ఎవరి మనుషులు సావుకారూ?" అన్నాడు. చెప్పాను. రాజులు ఒకరొకరే వచ్చి చేరతారనీ, ఓడిపోతే జారుకుంటారనీ చెప్పగానే ఆయనకు ఆట సగం అర్థమైపోయింది. "ఆమా, మన ఎలక్షన్ల కూట్టణి మాదిరే. సీటు ఇస్తే ఈ పక్క, ఇయ్యకుంటే ఆ పక్క."

అప్పట్లో రాష్ట్రంలో రెండు పార్టీలు వంతులేసుకుని ఏలుతున్నాయి. ఆయనది ఒక పార్టీ, నాది ఇంకొకటి. మ్యాపు ముందు కూర్చున్నప్పుడు ఆ సంగతి ఎత్తకూడదని మా ఆవిడ మొదటి రోజే తేల్చి చెప్పింది. యుద్ధం ఎంతైనా చేసుకోండి, ఎన్నికలు మాత్రం వద్దు అంది. అందుకే మా ఇంట్లో ఆస్ట్రియా గురించి జరిగినంత రాజకీయం మా ఊళ్ళో ఏ టీ కొట్టులోనూ జరిగి ఉండదు.

ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవను వచ్చింది అరవం ఒక్కటే. ఇంగ్లీషు పుస్తకం చదివి తెలుగులో చెప్పడం నా పని. కదలిక, పోరాటం, కోటల ముట్టడి, చలికాలం, ఒక్కో అధ్యాయం చదివి చెప్పాను. సరఫరా అధ్యాయం రాగానే పుస్తకం మూసేశాను. చెప్పాను కదా, నాది నూలు కొట్టు. ఎవరో దొర రాసింది చదివి నేను సరఫరా నేర్చుకోవాలా అని లోపల చిన్న పొగరు.

"దండు నించి తిండి నిలవుండే డిపో దాకా దారి ఉండాల, మధ్యలో శత్రువు అడ్డం ఉండకూడదు," అన్నాను. బొమ్మ చూస్తే అంతవరకూ ఎవరికైనా తెలుస్తుంది. తరువాతిది మాత్రం సొంత బుర్ర. "రొట్టెల బండి పోయేకి ఒక దారి, తిరిగొచ్చేకి ఇంకో దారి. రెండిట్లో ఏది తెగినా దండు పస్తే." మా వీధిలో రెండు బండ్లు ఎదురెదురుగా పట్టవు. ఒక సందులో వెళ్ళి ఇంకో సందులో రావాలి. యూరప్‌లోనూ అంతే అనుకున్నాను. పస్తున్న దండు మొదటి వంతులో సగానికి పడిపోతుంది, రెండో వంతులో మ్యాపు మీదే ఉండదు.

మేస్త్రీ నుదురు ముడిచాడు. "ఇసక లారీ వచ్చి కుప్ప పోసి పోతాది సావుకారూ. పోయేటప్పుడు ఖాళీగా యాడ పోతే మనకేమి? మన చేతికి ఇసక అందింది గదా."

"అది ఇల్లు కట్టేది. ఇది యుద్ధం," అన్నాను. ఆయన సరి అన్నాడు.

అలా పదకొండేళ్ళు గడిచాయి. రెండు వారాలకొక ఆదివారం పొద్దున మేల్పాడిలో బస్సెక్కి, కాట్పాడిలో రైలెక్కి, ఉతికిన తెల్ల చొక్కాతో ఆయన మా గుమ్మంలో దిగేవాడు. ఎప్పుడూ ఫ్రెంచి వైపే కావాలనేవాడు. అంత దూరం నడిచే దండంటే ఆయనకిష్టం. మాస్కో పట్టుకుంటే ఫ్రెంచివాళ్ళదే గెలుపు, కానీ ఆయన ఎప్పుడూ మాస్కో చేరకముందే ఓడిపోయేవాడు. అంత లోపలికి వెళ్ళిన దండుకు రెండు దారులు కాపాడుకోవడం ఎవరి తరం? నేను ఒక గుర్రపు బిళ్ళను వెనక తిరుగు దారి మీద పెట్టేవాణ్ణి, అంతే, పని అయిపోయేది. నన్ను నేను గొప్ప సేనాపతిననుకున్న రోజులవి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, నవ్వూ వస్తుంది.

ఒక ఆదివారం ఆయన ఎప్పుడూ ఆడనంత బాగా ఆడాడు. ఉత్తరం నుంచి చుట్టి వచ్చాడు, డిపోలు ఆరు గళ్ళకొకటి చొప్పున గోడ కట్టినట్టు పేర్చుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు మాస్కోకు రెండు గళ్ళ దూరంలో ఉన్నాడు. రొట్టె వచ్చే దారిలో ఒక్క చిల్లు లేదు. నాకు చెమటలు పట్టాయి. వెతికి వెతికి తిరుగు దారి మీద ఒక్క ఖాళీ కనబడితే అందులో గుర్రపు బిళ్ళ పెట్టి, "నీ దండు పస్తు," అన్నాను.

ఆయన రొట్టె వచ్చే దారి పొడుగునా ఒక్కో డిపో మీదా వేలు పెట్టుకుంటూ వచ్చాడు. తరువాత మెల్లగా, "సావుకారూ, ఆ రూలు ఒక్కతూరి పుస్తకంలో చదివి చెప్పండి," అన్నాడు.

పదకొండేళ్ళలో ఆయన అలా అడగడం అదే మొదలు. అడిగిన తీరులో తప్పేమీ లేదు. కానీ చదవని అధ్యాయం ఎలా చదువుతాను? నాకు కోపం ముంచుకొచ్చింది. "నా మాట మీద నమ్మకం లేదా? ఇటుకలు పేర్చేవాడికి సరఫరా గురించి ఏం తెలుస్తాది?" అనేశాను.

ఆయన చేతిలోని బిళ్ళను ఉన్న గడిలోనే జాగ్రత్తగా పెట్టాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. మా ఆవిడ కాఫీ తెచ్చేసరికి గుమ్మంలో ఎవరూ లేరు.

ఆయన వెళ్ళాక పుస్తకం తీశాను. సరఫరా అధ్యాయం సగం పేజీ కూడా లేదు. డిపో నుంచి దండు దాకా ఒక్క దారి ఉంటే చాలు. ఎంత చుట్టు తిరిగినా పర్వాలేదు. తిరిగి రావడం గురించి ఒక్క ముక్క లేదు. మూడుసార్లు చదివాను, ఎక్కడైనా నన్ను కాపాడే వాక్యం దొరుకుతుందేమోనని. దొరకలేదు. మేస్త్రీ ఇసక లారీయే నిజం. పదకొండేళ్ళుగా ఆ మనిషిని లేని రూలుతో ఓడించాను, ఆఖరికి ఇంటి నుంచి కూడా పంపేశాను.

రెండు వారాల తరువాతి ఆదివారం ఆయన రాలేదు. మ్యాపు అలాగే ఉంచాను, ఒక్క బిళ్ళ కూడా కదపలేదు. ఆ పైన రెండు వారాలకూ రాలేదు. రైలు వచ్చే వేళకు నేను ఊరికే వీధిలోకి వెళ్ళి నిలబడేవాణ్ణి. ఆయన లేకపోతే నాకు ఆదివారమే లేదని అప్పుడు తెలిసింది. ఊళ్ళో నన్ను పలకరించేవాళ్ళు వందమంది ఉన్నారు, నాతో కూర్చునేవాడు ఆయన ఒక్కడే.

"ఇంకొక వారం చూస్తాను, ఆయనే వస్తాడు," అన్నాను మా ఆవిడతో.

ఆమె మ్యాపు మీద దుమ్ము తుడవబోయి, బిళ్ళలు కదులుతాయని ఆగిపోయింది. "ఇన్నేండ్లుగా ఆయన వస్తానే ఉండాడు. మీరు ఒక్కతూరన్నా వాళ్ళింటికి పోయినారా? ఇల్లు యాడుండాదో తెలుసా మీకు?"

తెలియదు. మేల్పాడి అని తెలుసు, అంతే. బండి పోయి తిరిగి రావాలని ఊరందరికీ చెప్పిన నేను, ఆయన దారిని ఒక్కసారి కూడా తొక్కలేదు. సావుకారు మేస్త్రీ ఇంటికి వెళ్ళవచ్చని ఎవరూ నాకు నేర్పలేదు, నాకై నాకూ తోచలేదు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ చేయి బరువుగా ఉంది.

మరుసటి ఆదివారం బిళ్ళలున్న చోట్లన్నీ క్యాలెండరు కాగితం వెనక రాసుకుని, పెట్టె సర్దుకుని రైలెక్కాను. కాట్పాడిలో దిగి బస్సెక్కాను. మేల్పాడిలో ఒకాయన్ని అడిగితే, "ఎవరు, గళ్ళ మేస్త్రీనా?" అని నేరుగా దారి చూపించాడు. గళ్ళ మేస్త్రీ ఏమిటో నాకు అర్థం కాలేదు.

ఇల్లు చేరాక అర్థమైంది. ఇంటి ముందు వరండాలో సిమెంటు నేల. ఆ నేల నిండా ఆరు మూలల గళ్ళు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే దారం పట్టి, తాపీ మొనతో గీసిన గళ్ళు. ప్యారిస్ ఉన్న చోట ఒక ఎర్ర ఇటుక ముక్క, మాస్కో ఉన్న చోట ఒక తెల్ల రాయి. నదులు కూడా ఉన్నాయి. మధ్యలో గులకరాళ్ళు రెండు వరసలుగా పేర్చి ఉన్నాయి, పోయే దారి ఒకటి, తిరుగు దారి ఒకటి. నా రూలు ప్రకారం గెలవడం ఎలాగా అని ఆయన ఇంట్లో కూర్చుని ఇన్నేళ్ళూ సాధన చేశాడు.

వాళ్ళమ్మ లోపలి నుంచి వచ్చి, "యాడినించి వస్తా ఉండావు నాయనా, ఎండలో? లోపలికి రా," అంది. ఆయన ఆమె వెనకే వచ్చాడు, బనియను మీద. నన్ను చూసి చొక్కా కోసం లోపలికి పోబోయాడు.

"చొక్కా ఏమీ వద్దు. ముందర ఇది విను," అని అక్కడే నిలబడి పుస్తకం తీసి, సగం పేజీ చదివి తెలుగులో చెప్పాను. "ఆ పొద్దు నువ్వు గెలిచినావు. అంతకు ముందర కూడా ఎన్ని తూర్లు గెలిచినావో నాకు తెలియదు. నేను ఈ పేజీ చదవనే లేదు. తప్పు నాది. ఆ మాట అనింది కూడా తప్పే."

ఆయన గళ్ళ మీద గొంతుక్కూర్చున్నాడు. తిరుగు దారి రాళ్ళను ఒకటొకటిగా ఏరి పక్కన కుప్ప పోశాడు.

"సుమ్మా ఇంతేనా సావుకారూ? ఇంత సులువా?" అన్నాడు. తరువాత భుజాలు అదిరేలా నవ్వాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

వాళ్ళమ్మ వడ్డించిన సంగటి, వేరుసెనగ పచ్చడి తిని, ఆ నేల మీదే కాలు మడిచి కూర్చున్నాను. క్యాలెండరు కాగితం చూసి బిళ్ళలన్నీ సరిగ్గా ఆ ఆదివారం ఉన్న చోట్లే పెట్టాం. రెండు వంతుల్లో ఆయన మాస్కోలో దిగాడు. చేతులు దులుపుకుని, ఇల్లు కట్టడం పూర్తయిన మనిషిలా చుట్టూ చూశాడు.

సాయంత్రం నన్ను సాగనంపడానికి కాట్పాడి దాకా వచ్చాడు. రైలు కనబడుతుండగా, "మళ్ళీ ఆదివారానికి రా," అన్నాను.

"నేనా? పదకొండేండ్లు నేను వచ్చినాను," అన్నాడు పెట్టె నా చేతికి అందిస్తూ. "ఇంక పదకొండేండ్లు మీ వంతు."

సరి అన్నాను. తిరుగు దారి రూలు నేను పెట్టిందే కదా.