మూడు మెట్ల వారసత్వం

సొంత గుమ్మం దిగి వీధిలోకి రావడానికి మీరెప్పుడైనా దరఖాస్తు పెట్టుకున్నారా? మా పక్కింటి ఆంటీ పెట్టుకుంది. అది ఇంకా ఏ బల్ల మీద ఉందో మాకు తెలియదు.

మేముండేది ఘాజియాబాద్‌లో, పాత గూడ్సు షెడ్డు వెనక రైల్వే కాలనీలో. మా ఆవిడ ఉద్యోగం పేరిట వచ్చిన క్వార్టరు. ఇక్కడి ఇళ్ళన్నీ ఒకే అచ్చు: ఎర్ర ఇటుక గోడలు, కమానుల వరండా, దాని ముందు మూడు ఎత్తైన రాతి మెట్లు. గూడ్సు బళ్ళు రావడం మానేశాక ఈ పేట చచ్చిపోయింది. కొట్లు మూతపడ్డాయి. అందుకే షెడ్డును రైలు మ్యూజియం చేసి, కాలనీ మొత్తాన్ని హెరిటేజ్ ప్రాంతంగా మారుస్తామన్నప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ చప్పట్లు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. ఆవిరి ఇంజన్‌కు రంగేసి దిమ్మె మీద నిలబెట్టారు. ఆదివారాలు నోయిడా నుంచి, ఇందిరాపురం నుంచి కుటుంబాలు కార్లలో దిగుతున్నాయి. మూతపడ్డ కొట్లలో చాయ్, మోమోలు అమ్ముడవుతున్నాయి. మురిక్కాలవ మీద మూతలు పడ్డాయి.

ఆంటీది బాపట్ల వైపు. ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి రిటైరై, రైల్వేలో ఉన్న కొడుకు దగ్గర ఉంటోంది. పోయిన వానాకాలం పక్షవాతం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. ఇప్పుడు చక్రాల కుర్చీ. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్ళాలి, ఆవిడ కోరిక అంతే. మొదట్లో నేనూ ఆమె కొడుకూ కుర్చీతో సహా ఎత్తి దింపేవాళ్ళం. ఒకసారి పట్టు తప్పి ఆవిడ ముందుకు తూలింది.

“చాలు బాబూ,” అంది. “నలుగురు మోసే రోజు ఎలాగూ వస్తుంది. అందాకా నా చక్రాల మీద నేనే పోతా.”

ర్యాంప్ కట్టిద్దామని మేస్త్రీని పిలిచాం. ఇటుకలు దింపుతుండగానే హెరిటేజ్ ప్రాజెక్టు కాపలావాళ్ళు ఆపేశారు. ఇళ్ళ ముఖం మారకూడదట. చెక్క పలక వేశాం. సందర్శకులొస్తారని శనివారం దాన్ని చెత్తబండిలో పడేసుకుపోయారు.

ప్రాజెక్టు ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి అధికారి తెలుగాయనే. ప్రాణం లేచొచ్చింది.

“కూర్చోండి సార్, చాయ్ తాగండి. ఆంటీ సంగతి నాకూ బాధగానే ఉంది. కానీ ఆ మెట్లు ఒరిజినల్ సార్. ముట్టుకోకూడదు.”

“ఇంజన్ దిమ్మెకు ర్యాంప్ కట్టారుగా?”

“అది విజిటర్ల కోసం సార్. పసిపిల్లల బళ్ళు ఎక్కాలి కదా.”

“ప్లాట్‌ఫారం చివర ఏముంటుంది? మెట్లా, వాలా? సామాను బండి తోసేవాడి కోసం రైల్వేయే వాలు కట్టింది. మీరు కాపాడే వారసత్వంలో అది లేదా?”

“అచ్ఛా పాయింట్ సార్!” అన్నాడు మెచ్చుకోలుగా. “రాసివ్వండి, పైకి పంపిస్తా.”

ఆంటీ పేరు మీద దరఖాస్తు రాసి, ఆవిడ సంతకం పెట్టించి ఇచ్చాను.

మా చిన్నతనంలో ఇంట్లో మడి ఉండేది. ముట్టుకోకు అనేవాళ్ళు. ఎందుకని అడిగితే జవాబు లేదు, చెంపదెబ్బ ఉండేది. ఇప్పుడు ఇటుకలకు మడి కట్టారు. మనిషి కంటే గోడ పవిత్రమన్నవాడు చరిత్ర పేరు చెప్పినా, శాస్త్రం పేరు చెప్పినా, వాడిది మూఢనమ్మకమే.

ధర్నా చేద్దామంటే కాలనీయే నన్ను చుట్టుముట్టింది. మోమోలమ్మే దీదీ చెయ్యి పట్టుకుంది. “గొడవైతే జనం రావడం మానేస్తారు భయ్యా. మళ్ళీ కొట్టు మూసుకోమంటారా?” ఆంటీ కొడుకు గొంతు తగ్గించాడు. “క్వార్టర్ ఖాళీ చెయ్యమంటే మేమెక్కడికి పోవాలి అన్నయ్యా?” ఇద్దరి భయమూ నిజమే. ఎటు తిరిగినా గోడే. ఒక్క ర్యాంప్ కడితే పేట బతుకంతా కూలిపోతుందని వీళ్ళను నమ్మించిందెవరు?

పోయిన ఆదివారం ఆంటీ తెల్లచీర కట్టుకుని, బైబిల్ ఒళ్ళో పెట్టుకుని వరండా కటకటాల వెనక కూర్చుంది. సందర్శకురాలొకామె ఫోన్ ఎత్తింది. “ఆంటీజీ, థోడా స్మైల్!” పాత ఇంటితో పాటు పాత మనిషినీ ప్రదర్శనకు పెట్టారనుకుంది కాబోలు. రోగుల ముందు నవ్వీ నవ్వీ అలవాటైన ముఖం, ఆంటీ నవ్వింది. ఫొటో తీసినామె వెళ్ళాక ఆంటీ నావైపు తిరిగింది.

“నన్ను చూడ్డానిక్కూడా టికెట్ పెట్టారేమో కనుక్కో! అయినా దేవుడే లేడనేవాడివి, నన్ను చర్చికి పంపడానికి నీకెందుకయ్యా ఈ తగువు?”

“ఎక్కడికి వెళ్తారన్నది మీ ఇష్టం ఆంటీ. వెళ్ళగలగాలన్నదే నా తగువు.”

“అయితే గట్టిగా పోట్లాడు. అక్కడ పాటలు మొదలయ్యే వేళయింది.”

మీరు వచ్చే ఆదివారం తప్పకుండా రండి. ఇంజన్ చూడండి, కొట్లలో కడుపునిండా తినండి, పేట బతకాలి. కానీ టికెట్ కొనేముందు ఒక్క మాట అడగండి: ఆ ఇంటికి ర్యాంప్ ఎప్పుడు కడతారు? తేదీ చెప్పేదాకా టికెట్ కిటికీ ముందు నుంచి కదలకండి.