విజయనగరానికి నూకాలమ్మ ఇంజను

మరునాటి పేపర్లో మా గురించి రెండు వాక్యాలు వచ్చాయి. విజయనగరంలో జరిగిన సమావేశంలో చిన్న పరిశ్రమల సంఘాలు వినతిపత్రాలు ఇచ్చాయని. ఆ రెండు వాక్యాల్లో నూకాలమ్మ లేదు, ఆమె ఇంజనూ లేదు. రేపు ఇంకో జిల్లా నుంచి ఇంకో సంఘం ఇదే పనిమీద బయలుదేరవచ్చు. వాళ్లకు రైలు వేళలతోపాటు, అక్కడ ఎదురయ్యే ప్రశ్న కూడా తెలియాలి. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

నాకు శ్రీకాకుళంలో, అరసవల్లి రోడ్డులో సైకిల్ సామాన్ల కొట్టు ఉంది. బడి చదువు పదో తరగతితో ఆగింది. తక్కినదంతా సాయంత్రాలు జిల్లా గ్రంథాలయంలో చదువుకున్నదే. పునర్నిర్మాణ పరిశ్రమ అనే మాట అక్కడే ఒక పత్రికలో కనిపించింది. వాడిన యంత్రాన్ని పూర్తిగా విప్పి, కడిగి, ప్రతి భాగాన్నీ కొలిచి, అరిగినవాటిని మార్చి, కొత్తదానిలా పనిచేసేట్టు మళ్లీ కట్టడం. వస్తువు చెత్తలోకి పోకుండా తిరిగి తిరిగి వాడుకలోకి వస్తుంది గనుక ఈ పద్ధతిని వలయ ఆర్థిక విధానం అంటారట. చదువుతుంటే మా బావ అప్పలస్వామి షెడ్డు కళ్లముందు కదిలింది. పడవ ఇంజన్లకు అతను చేసే పని ఇదే.

చిక్కల్లా సబ్సిడీతో వచ్చింది. పడవ ఇంజనుకు ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ కొత్తదానికే వర్తిస్తుంది. దాంతో చాలామంది పాత ఇంజన్లను ఇసుకలో వదిలేసి కొత్తవాటి కోసం దరఖాస్తులు పెట్టుకున్నారు. తీరం వెంట షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మిగిలినవాళ్లు సంఘం కట్టి బావను అధ్యక్షుణ్ణి చేశారు. తిరిగి కట్టిన ఇంజనుకూ సబ్సిడీ ఇవ్వాలని వినతిపత్రం నేను రాశాను. రాష్ట్రం విడిపోయాక రెండో వేసవి అది. కొత్త విధానంపై అభిప్రాయాలు చెప్పమని అధికారులు విజయనగరానికి పిలిచారు. చూపించడానికి ఒక ఇంజను తీసుకెళ్దామనుకున్నాం.

పడవలన్నీ ఒడ్డునే ఉండే చేపల వేట నిషేధం రోజులు కావడంతో షెడ్డులో పని జోరుగా ఉంది. పూర్తయి ఉన్నది మాత్రం శ్రీకూర్మం అవతలి పల్లె నుంచి వచ్చిన నూకాలమ్మ ఇంజను ఒక్కటే. ఆమె చేపల వ్యాపారం చేస్తుంది, కొడుకు పడవ నడుపుతాడు. ఇంజనును ఒంటరిగా పంపనంది. "నా ఇంజను ఊరేగతంటే నాను ఇంట్లో కూకుంతానేటి?"

ఆమదాలవలసలో ఏడు దాటాక పాసింజరు ఎక్కాం. స్టేషను పేరు శ్రీకాకుళం రోడ్డు, కొత్తవాళ్లు తికమకపడవద్దు. మా ముగ్గురి టికెట్ల కంటే ఇంజను లగేజీకే ఎక్కువైంది. గోనెసంచి చుట్టి తలుపు పక్కన నిలబెట్టాం. పొందూరులో నేత చీరల మూటలతో ఎక్కిన ముసలాయన దానికి కాలు తగిలి కళ్లకద్దుకున్నాడు. లోపల దేవుడున్నాడనుకున్నాడట. చీపురుపల్లి దాటాక సీటు దొరికింది. తొమ్మిదింటికి విజయనగరంలో దిగి, స్టేషను ఎదుట ఇడ్లీ తిని, ఆటోలో సమావేశానికి చేరాం.

హాల్లో టైర్లకు కొత్త తొడుగు వేసేవాళ్లు, మోటార్లకు తీగ చుట్టేవాళ్లు, ఇంకా చాలామంది ఉన్నారు. మా వంతు వచ్చేసరికి పదకొండున్నర. సంచి విప్పగానే ఇంజను నిగనిగలాడింది. ఇక్కడొక సంగతి చెప్పాలి. మా తీరంలో తిరిగి కట్టిన ఏ ఇంజనూ రంగు వెయ్యకుండా, పసుపు కుంకుమ పెట్టకుండా షెడ్డు దాటదు. పగిలినచోట వెల్డింగు చేసిన అతుకు కనిపించే ఇంజనును కుర్రాళ్లు పడవెక్కించరు, నడిసముద్రంలో ఆగిపోతుందని వాళ్ల నమ్మకం. అందుకే అతుకు మీద బావ రెండు పూతలు వేస్తాడు.

అధికారి లేచి వచ్చి ఇంజను చుట్టూ తిరిగారు. "ఇది పాతదంటే ఎలా నమ్మమంటారు? పాతవాటికి రంగేసి కొత్తవని అంటగడతారని కొత్త ఇంజన్ల కంపెనీలవాళ్లు ముందే రాసిచ్చారు. వాళ్ల మాట మీరే నిజం చేస్తున్నట్టున్నారు."

నేను పునర్నిర్మాణానికి, మరమ్మతుకు తేడా చెప్పబోయాను. అది వినతిపత్రంలో చదివానని, బాగుందని, తాను అడిగేది మాత్రం ఈ ఇంజను గురించని ఆయన నెమ్మదిగా అన్నారు. వెనక ఎవరో నవ్వారు. ఆ క్షణాన మా పని అయిపోయిందనుకున్నాను.

రైల్లో గీతలు పడితే సరిచెయ్యడానికి బావ సంచిలో రంగూ థిన్నరూ తెచ్చుకున్నాడు. థిన్నర్ సీసా తీశాడు గానీ మూత తియ్యలేదు. నూకాలమ్మ వైపు తిరిగాడు.

"అప్పా, ఇంజను నీది. తుడిసేస్తే అతుకు కనపడిపోతాది. మీ కుర్రోలు ముట్టుకోరు."

"ముట్టుకోపోతే నానే మోస్తాను. నీ షెడ్డు మూసీసినాక మాకు అతుకెవుడేస్తాడు? తుడిసీరా."

బావ గుడ్డ తడిపి రుద్దాడు. ఎర్రరంగు కారిపోయి, కింది తొడుగు మీద జానెడు అతుకు బయటపడింది. "నానేసిందే సార్. నా పేరు కొట్టమంటే దీని పక్కనే కొడతాను."

అధికారి అతుకు వెంట వేలు నడిపి, పూచీ ఎంతకాలమని అడిగారు. వచ్చే ఏడు వేట నిషేధం దాకా అన్నాడు బావ. అతుకు దాచకుండా, కట్టినవాడి పేరు, పూచీ గడువు చెక్కిన ఇంజన్లకు సబ్సిడీ పరిశీలించవచ్చని ఆయన మా కాగితం మీద రాశారు. నిర్ణయం తనది కాదని, పైకి పంపుతానని కూడా చెప్పారు.

మధ్యాహ్నం మెస్సులో భోంచేసి, అయిదు గంటల ప్రాంతంలో తిరుగు పాసింజరు పట్టుకున్నాం. నెల్లిమర్లలో ఎక్కినావిడ అతుకు చూసి ఇదేటని అడిగింది. "ఆపరేషనయ్యింది. ఇప్పుడు బాగానే ఉన్నాది," అంది నూకాలమ్మ. బావ మాత్రం నవ్వలేదు. ఆమదాలవలస దాకా ఆ కుర్రాళ్ల గురించే ఆలోచిస్తున్నట్టున్నాడు. పైవాళ్లు ఒప్పుకున్నా మన ఒడ్డు ఒప్పుకోకపోతే షెడ్డు నిలవదు కదా అని నాతో ఒక్కసారి అన్నాడు.

స్టేషను బయట ఆమె కొడుకు సోమయ్య ఆటోతో నిలబడి ఉన్నాడు. చూస్తూనే మొహం మాడ్చుకున్నాడు. "రంగేదే అమ్మా?"

"గవర్నమెంటుకిచ్చీసినాను. ఎత్తు."

రేపు మళ్లీ పూస్తానని బావ అడ్డం పడ్డాడు. ఒద్దంది నూకాలమ్మ, మిగతావోళ్లూ చూడాలంది. సోమయ్య కాసేపు అతుకునే చూశాడు. గోటితో గీకాడు, గట్టిగా తట్టాడు. తర్వాత వంగాడు.

పైనుంచి ఇంకా ఏ కబురూ రాలేదు. అధికారుల చుట్టూ తిరిగి విధానాలు మార్పించుకోవడం పెద్ద కంపెనీలకే చెల్లుతుందని నేను చదివినంతలో అనుకునేవాణ్ణి. ఒక్కరోజులో పాసింజరు బండి మీద వెళ్లి మేమూ అడిగి వచ్చాం. పత్రికలు వెతికిచ్చిన గ్రంథాలయం సుబ్బారావుగారికి, విజయనగరం స్టేషన్లో మా ఇంజనును దింపిపెట్టిన పోర్టరు గౌరీశుకు, బావ అప్పలస్వామికి, నూకాలమ్మకు రుణపడి ఉన్నాను. అందరికంటే ఎక్కువగా, అతుకున్న వైపే పట్టుకుని ఇంజనును ఆటోలోకి ఎత్తిన సోమయ్యకు.