లుసింగక్క కళ్లు

అనిలావ్ సముద్రపు నీళ్లలో చిప్పలేని రంగురంగుల నత్త, బియ్యపు గింజంతది ఎక్కడ నక్కినా సరే, లుసింగక్క కంట పడాల్సిందే. యాభై దాటినా పొద్దున్నే వెల్లుల్లి అన్నం, ఎండుచేప తిని, ఆవిరి పట్టకుండా కళ్లముసుగు అద్దం మీద ఉమ్మి రుద్దుకుని, వీపున గాలి సిలిండరుతో దూకుతుంది. నత్త దొరికితే ఇనప పుల్లతో సిలిండరు మీద టింగుటింగుమని కొడుతుంది. నత్తల ఫొటోల కోసం ఆమె వెంట దిగిన కెమెరాలవాళ్లు వచ్చి వాలతారు. ఈమధ్య ఆ పుల్లతో నత్తను చెయ్యి బారచాచి, తల వెనక్కి లాక్కుని మరీ చూపిస్తోంది. అదేమంటే, "నా ఊపిరి బుడగలకి నత్తలు బెదురుతాయి" అంటుంది.

నిన్నా అలాగే చూపించింది. పడవెక్కాక, ఏళ్లుగా ఆమె వెంట దిగే ఫొటోగ్రాఫరు బెర్టో కెమెరాలో బొమ్మను పెద్దది చేసి పగలబడి నవ్వాడు. "అక్కా, ఇది నత్త కాదు, నీ చేతితొడుగు దారప్పోగు!" లుసింగక్క మొహం మాడిపోయింది. అతను ఇంకాస్త పెద్దది చేశాడు. ఊదారంగు పోగు కొసన నువ్వుగింజంత నత్త, నారింజరంగు కొమ్ములతో! పడవంతా ఈలలు. "నేను చూపించింది దాన్నేరా, గుడ్డోడా!" అందామె.

ఇవాళ మాత్రం ఆమె ముసుగు లోపల చత్వారపు అద్దాలు రెండు, బుల్లివి, అతికించి ఉన్నాయి. బెర్టో వాటికేసి చూశాడు.

"ఏం చెయ్యనురా," అంది లుసింగక్క. "నత్తలు ఈమధ్య మరీ చిన్నవి పుడుతున్నాయి."