మామ ముందు తాగిన వైను

ఫ్యాక్షన్ రోజుల్లో మా జమ్మలమడుగు మామకు విషమంటే భయం. మజ్జిగిచ్చినా "ముందు నువ్వు తాగప్పా" అంటూ నవ్వుతూ గ్లాసు మనవైపు జరిపేవాడు.

ఒకసారి రాజీ మాటలకు మామా, అవతలి పార్టీ పులివెందుల పెద్దమనిషీ ప్రొద్దుటూరులో మా ఇంట్లో కూర్చున్నారు. బెంగళూరు నుంచి తెచ్చిన స్పెయిన్ రెడ్ వైన్ పోశాను. బోబాల్ అనే ద్రాక్షతో చేసింది. ఆ పేరు పెద్దగా ఎవరికీ తెలియదు కాబట్టి చవగ్గానే దొరికింది.

పెద్దమనిషి గ్లాసు ముట్టలేదు. మామ ఆయన ముఖంలోకి కాసేపు చూసి, ఆయన గ్లాసే అందుకుని సగం తాగేశాడు.

"అబ్బా, శానా చిక్కగుండాది! ఇట్లాంటిది ఈడ యాడా దొరకదు. తాగన్నా."

పెద్దమనిషి ఫక్కున నవ్వాడు. మిగతా సగం తాగి, గ్లాసు నా ముందుకు చాపాడు.

"ఇంకొంచెం పొయ్యప్పా. రాజీకి తొందరేముంది!"