పొడుగోడికి సీటు బెల్టు

మా బాబా, అంటే నేను పనిచేసే ఇంటి అరబ్బు యజమాని, జీపు వెనక తగిలించి లాగే కారవాన్ కొన్న ఏడాది చలికాలంలో ఇంట్లో పార్టీలు మొదలయ్యాయి. గుడారాల్లో గడపడానికి ఎడారికి వెళ్ళేటప్పుడు కుక్కలు రెండూ కారవాన్‌లో ప్రయాణం చెయ్యాలనేది బాబా పార్టీ. అలా కుదరదు, డ్రైవర్‌తో పాటు జీపులో కూర్చోవాలనేది ఆయన భార్య, మా మామా పార్టీ. ఆ డ్రైవర్ని నేనే కాబట్టి నాది ఇద్దరికీ "జేన్, జేన్", అంటే బాగుంది బాగుంది అని తలూపే పార్టీ. వంటింట్లో అక్క ఒక్కత్తీ అందరికీ ప్రతిపక్షం.

"ఆటిని కారవాన్లో పెట్టుకుంటారో, నెత్తిన పెట్టుకుంటారో నాకెందుకు? నా పక్కన మాత్రం కూకోపెట్టావంటే ఊరుకోను తమ్ముడూ" అనేది.

అక్కది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాది కోనసీమ. మధ్యలో గోదావరి పాయ ఒకటి అడ్డం, అంతే. ఆ ఇంట్లో నాకంటే ముందు నుంచి వంట చేస్తోంది. కుక్కలంటే చచ్చేంత భయమని వచ్చిన కొత్తలోనే నాకు చెప్పింది. ఆమె వంటింట్లో నుంచి పెరట్లోకి రావాలంటే నేను ముందు వెళ్ళి రెండు కుక్కల్నీ పట్టుకోవాలి. అప్పుడు కొంగు బిగించుకుని, ఏసయ్యను తలుచుకుని, చెత్త సంచీతో గోడవారగా నడిచేది.

కుక్కల్లో ఒకటి మామాది. తెల్లగా, గుండ్రంగా, కొత్త దిండు చింపితే బయటపడే దూదిలా ఉండేది. రెండోది బాబా వేటకుక్క. సలూకీ జాతి. పొడుగు కాళ్ళు, పొడుగు మూతి, లెక్కపెట్టుకోవడానికి వీలుగా పక్కటెముకలు. బాబా దాని వంశం గురించి చెబుతుంటే మా ఊళ్ళో పెళ్ళిళ్ళ పేరయ్య గుర్తొచ్చేవాడు. అక్క మాత్రం దాన్ని "పొడుగోడు" అనేది. ఆ రెండింటి గదీ నా గదీ పక్కపక్కనే. వాటి గదిలో ఏసీ నా గదిలో దానికంటే బాగా పనిచేసేదని నేను ఎవరితోనూ అనలేదు, ఇప్పుడే అంటున్నాను.

మొదటిసారి బయల్దేరిన రోజు కారవాన్‌ను జీపుకు తగిలించి, గొలుసులు వేసి, వెనక లైట్ల ప్లగ్గు పెట్టాను. బాబా లోపల సోఫా మీద కుక్కల దుప్పటి స్వయంగా పరిచాడు.

"చూడు, సోఫా ఉంది, ఏసీ ఉంది. నాకే ఇందులో కూర్చోవాలని ఉంది" అన్నాడు.

పొడుగోడు మెట్టు దగ్గర నాలుగు కాళ్ళూ నేలలో పాతుకున్నట్టు నిలబడిపోయాడు. బాబా ముందు నుంచి లాగాడు, నేను వెనక నుంచి తోశాను. వాడు కదల్లేదు. తెల్లదాన్ని ఎత్తి లోపల పెట్టి తలుపు వేస్తే, వీధిలో వాళ్ళు గేట్లు తీసుకుని బయటికి వచ్చేంత గోల చేసింది. మామా కళ్ళలో నీళ్ళు చూసి బాబా చేతులెత్తేశాడు. కుక్కలు రెండూ జీపెక్కాయి.

అప్పుడు అక్క నెమ్మదిగా నా పక్కకి వచ్చింది.

"తమ్ముడూ, సోఫా ఖాళీగానే ఉంది కదా. నేను ఎనకాల కూకుంటాను."

"కుదరదక్కా. లాగే బండిలో మనుషులు కూర్చోకూడదు. అది ఎటు ఊగుతుందో నాకు తెలీదు. నువ్వు అరిచినా నాకు వినపడదు."

"వంటింట్లో నేను పాలు పొంగాయని అరిత్తే నీ గదిలోంచి టీ గ్లాసట్టుకుని పరిగెత్తుకొత్తావు, ఇప్పుడు వినపడదేటి?"

అయినా ఎక్కనివ్వలేదు. తిట్టుకుంటూ ముందు సీట్లో, తలుపుకి అతుక్కుని కూర్చుంది. బాబా, మామా, పిల్లలు ఇంకో కారులో మా వెనకాల వచ్చారు.

ఆ ప్రయాణం ఎలా చేశానో నాకే తెలియాలి. పెద్ద లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా ఆ గాలికి కారవాన్ తోక ఊపేది. దాన్ని సర్దుకుంటూ నేను చెమటలు కక్కుతుంటే, పొడుగోడు వెనక సీట్లోంచి మెడ చాపి నా భుజం మీద మూతి పెట్టాడు. తెల్లది సీట్ల సందులోంచి దూరి నా కాళ్ళ దగ్గరికి, సరిగ్గా బ్రేకు దగ్గరికి వచ్చి పడుకుంది. "అక్కా, దాన్ని తియ్యి" అని నేను, "నేను ముట్టుకోను" అని ఆమె. చివరికి చెప్పు కొసతో దాన్ని పక్కకి జరిపింది.

ఎడారిలో మా గుడారాల దగ్గర ఆగి కారవాన్ తలుపు తీశాం. లోపలి నుంచి పొయ్యిలోంచి వచ్చినట్టు సెగ కొట్టింది. జనరేటర్ వేస్తే తప్ప ఆ ఏసీ తిరగదని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. ఫ్రిజ్ తలుపు తెరుచుకుని గుడ్లన్నీ నేల మీద అట్టు అయిపోయాయి. పై అరలోంచి ఇనప పెనం ఎగిరి వచ్చి సోఫా మీద, బాబా పరిచిన దుప్పటికి నట్టనడుమ పడి ఉంది.

బాబా లోపలికి ఎక్కాడు. పెనం తీసి నా చేతికిచ్చాడు. దుప్పటి మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఖలాస్. ఇక జీపులోనే" అన్నాడు.

అక్క ఆ పెనం వంక చూసింది, నా వంక చూసింది. ఆ మధ్యాహ్నం నా కంచంలో కోడిముక్కలు ఎక్కువ పడ్డాయి.

జీపులోనే అన్నారు సరే, బ్రేకు కింద కుక్కని పెట్టుకుని బండి నడపడం నా వల్ల కాదని బాబాతో చెప్పాను. షువైఖ్‌లో కారవాన్ కొక్కెం బిగించిన గ్యారేజీకే వెళ్ళి, జీపు వెనక భాగంలో నేలకి కొక్కేలు పెట్టించాం. తెల్లదానికి గట్టి పెట్టె కొని, ఆ కొక్కేలకి పట్టీలతో బిగించాం. పొడుగోడికి మాత్రం ఏ పెట్టె చూసినా కాళ్ళు బయటికొచ్చేవి. వాడికి సీటు బెల్టు కుట్టించాలన్నాను. బెల్టు మెడకి వేస్తే బ్రేకు కొట్టినప్పుడు మెడ విరుగుతుంది కాబట్టి ఛాతీ చుట్టూ రావాలి.

ఫర్వానియాలో బ్యాగులు, బట్టలు కుట్టే కడప అతని దగ్గరికి కొలతలు రాసిన కాగితం పట్టుకెళ్ళాను. అతను చదివి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఛాతీ ఇంత, నడుము ఇంతేనా? ఏంబ్బా, ఎవురికిది? ఆ మనిషికి తిండి పెడతాండారా లేదా?"

"మనిషికి కాదన్నా, కుక్కకి."

"కుక్కకా? నాకు వీసా ఇచ్చిన కఫీల్ నాకు కూడా ఇంత సక్కగా కొలతలు తీయించలేదు నాయనా" అని నవ్వి, లోపల మెత్తటి గుడ్డ వేసి, పైన సూట్‌కేసు పట్టీతో బ్రహ్మాండంగా కుట్టిచ్చాడు. దాన్ని సీటు బెల్టులోకి దూర్చి బిగిస్తే పొడుగోడు కూర్చోగలడు, పడుకోగలడు, కానీ నా భుజం మీదికి రాలేడు. మూతి మాత్రం అక్క సీటు వెనక్కి అందేది.

"కావాలనే నా ఎనకాల కట్టావు" అంది అక్క.

రెండోసారి బయల్దేరినప్పుడు అంతా పద్ధతి ప్రకారం జరిగింది. ముందు కారవాన్ తగిలించి, ఆ తర్వాతే కుక్కల్ని ఎక్కించాను. పొద్దున్న వాటికి తిండి పెట్టలేదు. వాంతులు చేసుకుంటాయని. పెనం, గుడ్లు, గిన్నెలు పెట్టెల్లో సర్ది తాళ్ళు కట్టాం. సాల్మీ రోడ్డు మీద నిదానంగా పోతున్నాను. వెనక నుంచి బాబా లైట్లు కొట్టాడు. పక్కకి ఆపి దిగి చూస్తే కారవాన్ టైరులో గాలి సగం లేదు.

నేను కారవాన్ చక్రాలకి చెక్క దిమ్మలు పెడుతున్నాను. ఆ సందులో బాబా జీపు తలుపు తీశాడు. పొడుగోడు జాలి పుట్టేలా చూశాడట. ఆ చూపుకి కరగని మనిషి ఉండడు, అది నేనూ ఒప్పుకుంటాను. బాబా బెల్టు విప్పాడు. మెడకి తాడు తగిలించాలన్న సంగతి ఆ జాలిలో మర్చిపోయాడు.

సరిగ్గా అప్పుడే గాలికి ఒక తెల్ల ప్లాస్టిక్ సంచీ లేచింది. అంత గొప్ప వంశంలో పుట్టిన వేటకుక్క దాన్ని కుందేలు అనుకుంది. నేను తలెత్తేసరికి పొడుగోడు ఇసుకలో చాలా దూరం పోయాడు.

"తాల్! తాల్!" రమ్మని అరబ్బీలో అరుస్తూ బాబా కాళ్ళ దాకా ఉండే అంగీ, ఆ దిష్‌దాషాని మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని పరిగెత్తాడు. నేను ఆయన్ని అంతకుముందు పరిగెత్తగా చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. పిల్లలు ఈలలు వేశారు. మామా కారులోంచే ఏడుస్తోంది. పొడుగోడు ఎవరినీ లెక్కచెయ్యలేదు. సంచీ ఎటు పోతే అటే. ఉన్నట్టుండి గాలి మళ్ళింది. సంచీ రోడ్డు వైపుకి రావడం మొదలుపెట్టింది. రోడ్డు మీద లారీలు వరసగా వస్తున్నాయి. నా చేతిలో దిమ్మ అలాగే ఉండిపోయింది.

జీపు ముందు తలుపు ధడాలున తెరుచుకుంది. అక్క దిగింది. చేతిలో మా ఇద్దరి మధ్యాహ్నం భోజనం, చందువా చేపల వేపుడు డబ్బా. రోడ్డుకి దూరంగా ఇసుకలోకి నడిచి, డబ్బా మూత తీసి, మా గోదావరి ఒడ్డున పడవ కోసం కేకేసినట్టు గొంతెత్తింది.

"ఒరేయ్ పొడుగోడా! రా నాన్నా! రా అమ్మా, బువ్వ తిందువు గాని, రా!"

పొడుగోడు ఆగాడు. చెవులు రెండూ ఇటు తిప్పాడు. సంచీని ఒక్క ఉదుటున నోట కరుచుకుని, రోడ్డుకి వీపు పెట్టి, నేరుగా అక్క దగ్గరికి వచ్చి సంచీ ఆమె కాళ్ళ దగ్గర వదిలాడు. కుక్కలంటే చచ్చేంత భయమున్న మా అక్క ఇసుకలో చతికిలబడి, రెండు చేతులతో వాడి మెడ కావలించుకుంది.

"ఎక్కడికెళ్ళావురా సచ్చినోడా? లారీ గుద్దేత్తే ఏటయ్యేదిరా? నీకు రోజూ పెడతన్నది ఇందుకేనా?" అంటూ వాణ్ణి తిడుతోంది, ఏడుస్తోంది, మధ్యమధ్యలో చేపముక్క ముళ్ళు తీసి నోట్లో పెడుతోంది.

కోడి కార్జాలు వంటింట్లో ఎందుకు తరిగిపోతున్నాయో, పొడుగోడు ఎప్పుడూ వంటింటి కిటికీ కిందే ఎందుకు పడుకుంటాడో నాకు అప్పుడు తెలిసింది. నేను కుక్కల్ని పట్టుకున్న ఆ గోడవార నడకలన్నీ గుర్తొచ్చాయి.

నేను తాడు పట్టుకెళ్ళి వాడికి తగిలించాను. బాబా రొప్పుతూ వచ్చాడు. చెప్పు ఒకటి ఎక్కడో ఇసుకలో పోయింది.

"నేను చిన్నప్పటి నుంచి పెంచాను. నా మాట వినలేదు. నువ్వు ఏ భాషలో పిలిచావు?" అని అక్కని అడిగాడు.

అక్క చప్పున లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, పొడుగోడికి నాలుగడుగులు దూరం జరిగింది.

"తెలుగు బాబా. చేప వాసనకి వచ్చింది. నాకు కుక్కలంటే బయ్యం" అంది అరబ్బీ, తెలుగు కలిపి.

మామా కళ్ళు తుడుచుకుంటూనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆపుకోలేక కారు తలుపు పట్టుకుంది.

టైరు మార్చి బయల్దేరాం. నేను ఆకలితోనే బండి నడిపాను. పక్కన ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని అక్క కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె సీటు వెనక నుంచి పొడుగు మూతి ఒకటి సందులోకి వచ్చి మోచేతిని తాకింది. ఆమె చెయ్యి తియ్యలేదు.

"ఏటా చూపు? రోడ్డు సూడు" అంది నాతో.

ఆ రోజు నుంచి మాకు ఒక చట్టం ఏర్పడింది. బండి ఆగాలి, దిమ్మలు పెట్టాలి, కుక్కకి తాడు తగిలించాలి, అప్పుడే తలుపు. ఆ చట్టాన్ని అందరికంటే కచ్చితంగా పాటించింది బాబాయే. తాడు తగిలించి రెండుసార్లు లాగి చూసుకునేవాడు.

అక్కడితో ఊరుకోలేదు ఆయన. మర్నాడు పొద్దున్న టీ తాగుతూ అక్కని గుడారం బయటికి పిలిపించి, ఆ మాటలు నేర్పమన్నాడు. అక్క సిగ్గుపడుతూ నేర్పింది. ఆ చలికాలమంతా సాయంత్రాలు మా గుడారాల దగ్గర తెల్లటి దిష్‌దాషాలో ఒక పెద్దమనిషి చేతిలో కార్జం ముక్క పట్టుకుని, "రా నానా! రా అమ్మా! బుబ్బ!" అని ఎడారంతా వినపడేలా పిలిచేవాడు. పక్క గుడారం వాళ్ళు ఒకసారి నన్ను ఆపి, మీ బాబాకి ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. బాగానే ఉంది, తెలుగు నేర్చుకుంటున్నాడని చెప్పాను.